‘అందరితో కలవడు’ అనే మాట వెనక

క్లుప్తంగా: మనుషులతో మెలిగే నేర్పు అనేది ఒకే సామర్థ్యం కాదు. ఎదుటివారి మనసు పట్టుకోవడం, తన మనసును తాను గుర్తించడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, సమయానికి మాట అందుకోవడం వేర్వేరు పనులు. ఒకటి బాగా వచ్చినవారికి ఇంకోటి రావాలని లేదు. పైగా మనం ఒకరి లోపంగా లెక్కేసే దాంట్లో కొంత అసలు ఆ మనిషిలో ఉండదు. ఇద్దరి మధ్య నడిచే భాషలో, మర్యాద పద్ధతిలో, ఆ పూట హడావుడిలో ఉంటుంది. బెంగళూరులో ఎక్కువగా అపార్థమయ్యేది ఈ భాగమే.

బెంగళూరు ఐటీ ఆఫీసులు చాలావాటిలో మార్చి, ఏప్రిల్ అంటే అప్రైజల్స్ కాలం, అంటే ఏడాది పనితీరును మేనేజర్లు అంచనా వేసే సమయం. పని సంగతి అంకెల్లో తేలిపోతుంది. టెన్షన్ పెట్టేవి ఆ అంకెల కింద రాసే నాలుగు ముక్కలు: ‘ఇంకా చొరవగా మాట్లాడాలి’, ‘టీమ్‌తో కలవడం తక్కువ’, ‘సాఫ్ట్ స్కిల్స్ మెరుగుపడాలి’. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) ఉంటున్న తెలుగు పిల్లలకు ఈ మాటలు కొత్త కాదు. ఊళ్లో పెళ్లికి వెళ్తే ఇవే వేరే రూపంలో వినిపిస్తాయి. ‘మీవాడు ముభావి వదినా, నలుగురిలో కలవడు’ అని మేనత్త అనేస్తుంది. మేనేజరూ మేనత్తా ఒకే తీర్పు చెప్పాక అది నిజమేనేమో అనిపిస్తుంది. కానీ వాళ్లిద్దరూ చూసింది ఒకే విషయమని చెప్పడానికి లేదు.

ఒకే గడిలో పడే నాలుగు సంగతులు

ఈ నేర్పును చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు: కలుపుగోలు, మాటకారి, లౌక్యం తెలిసినవాడు, మనసెరిగి మసలుకునే మనిషి. వీటి అర్థాలు ఒకటి కావు. మాటకారికి ఎదుటివారు విసుక్కుంటున్న సంగతి పట్టకపోవచ్చు. మనసెరిగిన మనిషి రోజంతా కలిపి పది మాటలే మాట్లాడవచ్చు. లౌక్యుడికి అందరి మనసులూ తెలుస్తాయి, ఆ తెలిసింది ఎవరి మేలుకు వాడతాడన్నది మాత్రం వేరే సంగతి. వాడుక భాష ఇంత చక్కగా విడదీసిన తేడాలన్నీ అప్రైజల్ ఫారంలో ఒకే గడిలో వచ్చి పడుతున్నాయి.

వీటిని విడదీయడానికి మనస్తత్వ శాస్త్రానికి చాలాకాలమే పట్టింది. మనుషులను అర్థం చేసుకుని వాళ్లతో నేర్పుగా నడుచుకోవడం కూడా ఒక తెలివేనని అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో ప్రతిపాదించాడు. 1990లో పీటర్ సలోవే, జాన్ మేయర్ దానికి భావోద్వేగాలను జోడించి ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ అన్న భావనను రూపొందించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం వచ్చాక ఆ మాట పరిశోధన పత్రాల్లోంచి హెచ్‌ఆర్ విభాగాల్లోకి నడిచి వచ్చింది. సలోవే, మేయర్ 1997లో సవరించిన నమూనాలో నాలుగు భాగాలుంటాయి. ముఖంలో, గొంతులో భావాన్ని గుర్తుపట్టడం మొదటిది. ఆ భావాన్ని ఆలోచనకు వాడుకోవడం, అది ఎందుకు పుట్టిందో ఎటు మళ్లుతుందో తెలుసుకోవడం తర్వాతివి. దాన్ని తనలోనూ ఎదుటివారిలోనూ సంబాళించడం నాలుగోది. ఎక్కువ మాట్లాడటం ఈ నాలుగింటిలో ఎక్కడా లేదని గమనించాలి.

కొలవడంలో ఇంకో చిక్కుంది. ‘మీరు ఇతరులను ఎంత బాగా అర్థం చేసుకుంటారు?’ అని అడిగితే వచ్చే జవాబుకూ, ముఖాలు చూపించి పరీక్ష పెడితే వచ్చే మార్కులకూ పొంతన అంతంతమాత్రమే. పరీక్షలో వెనకబడినవారే తమ గురించి అందరికన్నా ఎక్కువగా అంచనా వేసుకుంటున్నారని, ఆ సంగతి చెబితే పరీక్షనే తప్పుపడుతున్నారని 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. ‘నాకు మనుషులను చదవడం బాగా తెలుసు’ అనే ధీమా అందుకే సాక్ష్యంగా పనికిరాదు. ఫారం నింపే మేనేజరుకు కూడా ఇది వర్తిస్తుంది.

మనసు చదవడంలో ఎవరి హద్దైనా తక్కువే

ఇద్దరు మాట్లాడుకుంటుండగా వీడియో తీసి, తర్వాత ఒక్కొక్కరికీ చూపించి ‘ఈ క్షణంలో ఏమనుకున్నారు?’ అని రాయించి, అదే క్షణంలో వాళ్లు ఏమనుకుని ఉంటారో రెండోవారిని ఊహించమనడం విలియం ఇక్స్ అనే శాస్త్రవేత్త పద్ధతి. కొత్తవారి మధ్య ఈ ఊహ ఐదింట ఒకవంతు మాత్రమే సరిపోతుంది. దగ్గరి స్నేహితులు, భార్యాభర్తల మధ్య కూడా మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. మనిషికీ మనిషికీ తేడాలు ఉన్నమాట నిజమే. కానీ బాగా చదవగలిగే వారికీ ఎక్కువ భాగం తప్పిపోతూనే ఉంటుంది.

తెలుసుకోవడం వేరు, కలత చెందడం వేరు. మోసగాడికి ఎదుటివారి భయం బాగా తెలుస్తుంది, ఆ భయం మాత్రం అతన్ని తాకదు. దీనికి తిరగేసి, ఎదుటివారి బాధకు మనసంతా నిండిపోయి నోట మాట రానివారూ ఉన్నారు. పరామర్శకు వెళ్లి ఏమీ అనలేక మూల కూర్చుని వచ్చేసే మనిషిని చూసి రాయి అనుకుంటాం.

తమ మనసు తమకే అందనివారు ఇంకొందరు. దీనికి అలెక్సితైమియా అనే పేరును పీటర్ సిఫ్నియోస్ 1970లలో పెట్టాడు. జనంలో సుమారు పదిమందిలో ఒకరికి ఇది గుర్తించదగ్గ స్థాయిలో ఉంటుందని అంచనా. ‘ఏమైంది?’ అని అడిగితే వీళ్లకు కోపమో దిగులో చెప్పడం రాదు. ‘ఏదోలా ఉంది’, ‘తల బరువుగా ఉంది’ దగ్గరే ఆగిపోతారు. అడిగినవారికి అది దాపరికంలా తోస్తుంది.

మాట అందుకునే 200 మిల్లీ సెకన్లు

రోజువారీ మాటల్లో నేర్పు అంటే మనసు చదవడం ఒక్కటే అనుకుంటే అసలు సంగతి తప్పిపోతుంది. ఒకరు ఆపాక ఇంకొకరు మొదలుపెట్టే లోపు ఉండే ఖాళీని 2009లో పది భాషలతో చేసిన ఒక అధ్యయనం కొలిచింది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య సగటు ఖాళీ దాదాపు 200 మిల్లీ సెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. జపనీస్ వారిది అందరికన్నా తక్కువ, డేనిష్ వారిది అందరికన్నా ఎక్కువ. ఆ రెండింటి మధ్య తేడా కూడా అర సెకను లోపే. తెలుగు ఆ పదింటిలో లేదు. నలుగురు తెలుగువాళ్లు కూర్చున్నచోట ఆ ఖాళీ అసలు మిగులుతుందా అన్నది ఎవరికి వారు చూసుకోవచ్చు.

ఇంకోపక్క, ఒక బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మనిషికి సుమారు 600 మిల్లీ సెకన్లు పడుతుంది. అంటే ఎదుటివారి వాక్యం ముగియకముందే జవాబు లోపల సగం ఉడికి ఉండాలి. వింటూ, ఆ వాక్యం ఎక్కడ ఆగుతుందో అంచనా కడుతూ, చెప్పాల్సింది కూర్చుకుంటూ ఉండాలి. సొంత భాషలో ఈ మూడూ శ్రమ తెలియకుండా జరిగిపోతాయి. నేర్చుకున్న భాషలో పదాలు వెతుక్కోవడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఆ కాస్త ఆలస్యం చాలు, ఈలోపు వేరొకరు మాట అందుకుంటారు.

రాత్రి పీజీ డాబా మీద అందరినీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించే కుర్రాడు పొద్దున టీమంతా కలిసి పని సంగతులు చెప్పుకునే స్టాండప్ మీటింగ్‌లో ‘ఎస్, నో’ దాటి మాట్లాడడు. మనిషి ఒక్కడే, మధ్యలో మారింది భాష. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంజనీరింగ్‌లో ఇంగ్లిష్‌ను పుస్తకంలో చూసి, బెంగళూరుకు వచ్చాకే దాన్ని నోటితో వాడటం మొదలుపెట్టినవారు వేలల్లో ఉంటారు. రెండుసార్లు మాట అందుకోబోయి ఆలస్యమైతే మూడోసారి ప్రయత్నించరు. ప్రయత్నించకపోతే అలవాటు కాదు. ‘చొరవ లేదు’ అన్న వాక్యం ఫారంలో చేరాక ఆ మనిషి మరింత ముడుచుకుపోతాడు. వీడియో కాల్‌లో ఇది ఇంకా ముదురుతుంది. నెట్‌వర్క్ వల్ల వచ్చే చిన్న జాప్యం మామూలు ఖాళీకన్నా పెద్దది కావడంతో ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ‘సారీ, చెప్పండి’ అని ఆగిపోతారు.

ఇక్కడ లోటు ఉద్వేగాలదీ కాదు, సాంఘిక నేర్పుదీ కాదు. పదాలు దొరికే వేగానిది. మూడింటికీ ఒకే పేరు పెట్టి ఒకే శిక్షణకు పంపడంలో ఉన్న పొరపాటు ఇక్కడే బయటపడుతుంది.

కన్నడ ‘నీవు’, తెలుగు ‘నీవు’

కన్నడంలో ‘నీను’ అంటే నువ్వు, ‘నీవు’ అంటే మీరు. పెద్దవారితో, కొత్తవారితో ‘నీవు’ అనడమే అక్కడి మర్యాద. బెంగళూరులో కొత్తగా దిగిన తెలుగువారి చెవికి అదే మాట ఏకవచనంలా తగులుతుంది. ఇంటి ఓనరు ఎంతో మర్యాదగా ‘నీవు హేళి’ అంటే, ఇటువైపు ‘ఏంటి ఈయన నన్ను నీవు అంటున్నాడు’ అనిపిస్తుంది. ఎదురుగా ఇంకో పొరపాటు జరుగుతుంది. తోటి కుర్రాళ్ల దగ్గర కన్నడం నేర్చుకున్నవారికి ముందుగా ‘బా’, ‘హేళు’, ‘కొడు’ లాంటి చనువు రూపాలే వస్తాయి. కూరగాయలమ్మే పెద్దావిడతోనో, బస్సు కండక్టరుతోనో అవే వాడేస్తారు. ‘బన్ని’, ‘హేళి’, ‘కొడి’ అనాల్సిన చోట అవి తలబిరుసులా వినిపిస్తాయి.

తెలుగువారిలో తెలుగువారికే ఇది తప్పదు. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారికి మాట చివర ‘అండీ’ లేకపోతే ఏదో వెలితి. తెలంగాణ, రాయలసీమల్లో ‘అన్నా, నువ్వు చెప్పు’ అనడంలో చనువూ గౌరవమూ రెండూ ఉంటాయి. ఇక బాగేపల్లి, ముళబాగిలు వైపు తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్న కర్ణాటకవాసుల పలుకుబడిలో కన్నడం కలిసిపోయి ఉంటుంది. ఒకే ఆఫీసు క్యాంటీన్‌లో ఈ మూడు రకాల తెలుగూ ఒక టేబుల్ దగ్గర చేరితే, వాళ్లలో ‘మొరటు’గా పేరు పడేవారు తమ ఊళ్లో మర్యాదస్తులే అయి ఉంటారు.

అపార్థం ఒకవైపుదే కానక్కర్లేదన్న ఆలోచనకు పరిశోధనలోనూ చోటు దొరికింది. ఆటిజం ఉన్నవారికి ఎదుటివారు అర్థం కారన్నది పాత మాట. ఆటిజం లేనివారికి ఆటిజం ఉన్నవారు కూడా అంతే అర్థం కారని, తెగిన తీగ రెండువైపులా ఉందని డేమియన్ మిల్టన్ 2012లో వాదించాడు. 2020లో జరిగిన ఒక ప్రయోగంలో ఎనిమిదేసి మందిని వరసగా పెట్టి ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవారే అయిన వరసలు, ఎవరికీ ఆటిజం లేని వరసలతో సమానంగా కథను చివరిదాకా చేర్చాయి. భాషా మర్యాదల తేడా, ఆటిజం ఒకటి కావు. అయితే సంభాషణ చెడినప్పుడు దోషిని ఒక్కరిలోనే వెతికే అలవాటు రెండు చోట్లా కనిపిస్తుంది.

మొహమాటానికి అయ్యే ఖర్చు

భావాన్ని సంబాళించుకోవడంలో జేమ్స్ గ్రాస్ అనే శాస్త్రవేత్త రెండు దారులను వేరు చేసి చూపించాడు. పుట్టిన కోపాన్ని ముఖం మీదికి రాకుండా నొక్కిపెట్టడం ఒకటి. కోపం గట్టిపడకముందే విషయాన్ని ఇంకోలా చూడటం రెండోది. ‘కావాలని అనలేదు, పాపం ఆయనకు పైనుంచి ఒత్తిడి ఉంది’ అనుకోవడం ఈ రెండో రకం. పైకి ఇద్దరూ ప్రశాంతంగానే కనిపిస్తారు. లోపల మాత్రం నొక్కిపెట్టేవారికి శ్రమ ఎక్కువ, మాట్లాడిన విషయం గుర్తుండటం కూడా తగ్గుతుంది. 2003లో స్త్రీల జంటలతో చేసిన ప్రయోగంలో ఒకరు భావాలను దాచుకుంటూ మాట్లాడితే, ఆ సంగతి తెలియని రెండోవారి రక్తపోటు పెరిగింది.

మొహమాటాన్ని వెంటనే ఈ లెక్కలో వేసి తప్పు పట్టడం తొందరపాటు అవుతుంది. అదే పరిశోధకుల్లో కొందరు 2007లో చేసిన అధ్యయనంలో, భావాలను అణచుకోవడాన్ని మంచిగా చూసే ఆసియా విలువల్లో పెరిగినవారికి ఈ నష్టాలు తక్కువగా కనిపించాయి. మొహమాటపడటం ఎదుటివారికి ఇచ్చే గౌరవమని ఇద్దరికీ తెలిసినచోట అది పెద్ద బరువు కాదు. ‘ఇంకొంచెం అన్నం’ అంటే మొదటిసారి ‘వద్దండీ’ అనడం, రెండోసారి అడుగుతారని తెలిసి ఆడే ఆటే. ఆట తెలియని మనిషి మొదటి ‘వద్దు’నే నమ్మితే చిక్కు. ‘ఈ శనివారం కాస్త పని చూడగలవా?’ అని మేనేజరు అడిగినప్పుడు ‘చూస్తాను సార్’ అనే జవాబు చాలామంది తెలుగువారికి మర్యాదైన ‘కష్టం’. వినేవారికి అది ఒప్పుకోలు. సోమవారం నాడు మాట నిలబెట్టుకోలేదన్న పేరొస్తుంది.

పుట్టుక, పెంపకం, ఆ పూట హడావుడి

జన్యువుల వాటా ఉంది, కానీ ఎంతన్నది కొలిచే పద్ధతిని బట్టి మారుతుంది. 46,000 మందికి పైగా డీఎన్‌ఏను వాళ్ల సహానుభూతి మార్కులతో పోల్చిన 2018 అధ్యయనంలో, మనుషుల మధ్య తేడాల్లో సుమారు పదో వంతుకు జన్యువులు కారణంగా కనిపించాయి. ఆ మార్కులు కూడా ఎవరికి వారు చెప్పుకున్నవే. కవలలపై చేసిన అధ్యయనాల్లో బిడియం, చొరవ లాంటి స్వభావ లక్షణాలకు ఈ వాటా సగం దాకా పోతుంది.

మిగతాది పెంపకం, అలవాటు. తెలుగు పిల్లల విషయంలో ఒక ప్రత్యేక పరిస్థితిని లెక్కలోకి తీసుకోవాలి. పదో తరగతి అయ్యాక రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో గడిపేవారు చాలామంది. వయసులో పెద్దవారితో, కొత్తవారితో, అవతలి జెండర్ వారితో తడబడుతూ మాట నేర్చుకునే వయసు అదే. దానివల్ల ఎంత నష్టమన్నది అంకెల్లో చెప్పలేం కానీ, అభ్యాసం లేని పనిలో తడబాటు ఉండటం వింత కాదు. ‘నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది’ అనే సామెతలో నోటికి సాధన చేసే అవకాశం ఉందనే అనుకున్నారు.

హడావుడి సంగతికొస్తే 1973 నాటి ప్రయోగం ఒకటి ఇప్పటికీ గట్టి ఉదాహరణ. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధన చదివే 40 మంది విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తీరిక ఉన్నవారిలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. ‘ఆలస్యమైపోయింది, త్వరగా వెళ్లు’ అని చెప్పి పంపినవారిలో ఆగింది 10 శాతం మందే. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో గంట ఇరుక్కుని, ఆఫీసుకు ఆలస్యంగా చేరి, సెక్యూరిటీ గార్డు నమస్కారానికి తలైనా ఊపకుండా లోపలికి పోయే మనిషి గురించి ఈ అంకెలు చెప్పేది ఎక్కువే. అతని గుణాన్ని ఆ పూటను చూసి లెక్కగట్టడం కుదరదు.

చాట్‌లో రాలిపోయే ‘అండి’

తెలుగు మర్యాద చాలావరకు క్రియల చివర దాక్కుని ఉంటుంది. పంపు, పంపండి, పంపుతారా, పంపగలరా అనే మెట్లన్నీ ప్రత్యయాల్లోనే తేలిపోతాయి. ఆఫీసు చాట్‌లో ఇంగ్లిష్‌లో టైప్ చేసేటప్పుడు ఆ మెట్లు రాలిపోయి ‘ఫైల్ పంపు’ మాత్రమే మిగులుతుంది. రాసినవారి చెవిలో తమ గొంతు మర్యాదగానే మోగుతుంటుంది, చదివేవారికి ఆ గొంతు చేరదు. 2005లో జరిగిన ఒక ప్రయోగంలో తమ వాక్యం వెటకారమో కాదో అవతలివారు 78 శాతం సార్లు పట్టుకుంటారని పంపినవారు అనుకున్నారు. గొంతుతో చెప్పినప్పుడు ఆ అంచనా దాదాపు నిజమైంది, 73 శాతం. ఈమెయిల్‌లో 56 శాతానికి పడిపోయింది. బొమ్మ బొరుసు వేసినా 50 వస్తుంది.

ఆఫీసులు, బడులు ఎటు

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ఉంటే ఏ పనైనా బాగా చేస్తారన్న నమ్మకం పూర్తిగా నిలబడదు. పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణలో, కస్టమర్లతో నిత్యం మెలిగే ఉద్యోగాల్లో దీనివల్ల పనితీరు మెరుగ్గా ఉంది. మనుషులతో పెద్దగా పనిలేని ఉద్యోగాల్లో ఆ లాభం కనిపించలేదు. కోడ్ రాసే వ్యక్తికీ, క్లయింట్‌తో మాట్లాడే వ్యక్తికీ ఒకే కొలత పెట్టడం అందుకే సబబుగా లేదు.

బడి వయసులో నేర్పితే ఫలితం ఉందన్నదానికి ఆధారాలు గట్టిగా ఉన్నాయి. 213 కార్యక్రమాలను, 2,70,034 మంది విద్యార్థులను పరిశీలించిన 2011 విశ్లేషణలో, సాంఘిక, భావోద్వేగ నైపుణ్యాలు నేర్చుకున్న పిల్లలు చదువులో కూడా సగటున 11 పర్సెంటైల్ పాయింట్లు ముందున్నారు. పెద్దవారికి చెప్పే చిట్కాల్లో ఒకటి పరీక్షకు నిలిచింది. ఎదుటివారు చెప్పినదానిలోంచే ఇంకో ప్రశ్న అడిగేవారిని జనం ఎక్కువగా ఇష్టపడుతున్నారని 2017లో తేలింది. దీనికి మాటకారితనం అక్కర్లేదు, వింటే చాలు. నలుగురిలోకి వెళ్లాలంటేనే గుండె దడ, చెమటలు పట్టి, పనులు మానుకునేదాకా వస్తే అది స్వభావం కాదు, చికిత్సకు లొంగే సమస్య. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ముఖ్య కేంద్రంగా 2022లో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మొదటిసారి కలిసి మాట్లాడుకున్నాక అవతలివారికి మనం ఎంత నచ్చామో చాలామంది తక్కువగా అంచనా వేసుకుంటారు. 2018లో వెలువడిన అధ్యయనాలు దీన్ని ప్రయోగశాలలోనే కాక, కాలేజీ హాస్టల్లో కలిసి ఉంటున్న కొత్త విద్యార్థుల్లోనూ చూశాయి. ‘నేనే వాళ్లకు నచ్చలేదేమో’ అని ఇటువాళ్లూ అటువాళ్లూ నెలల తరబడి అనుకుంటూనే ఉన్నారు. మారతహళ్లి పీజీల్లో రూమ్‌మేట్ అంతకాలం ఉండడం అరుదు. ఉద్యోగం మారో, అద్దె పెరిగో, ఇద్దరిలో ఒకరు ఈలోపే ఖాళీ చేసి వెళ్లిపోతారు.